మా ఇంటి సిస్టమ్‌లో అమ్మవారు, నాయనమ్మ

ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం చేతికొచ్చి, చేరాల్సిన తేదీ మాత్రం రాకుండా ఉన్న తొమ్మిది నెలలు పటమటలో మా ఇంట్లో నాకొక హోదా ఉండేది. అబ్బాయి ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే "సిస్టమ్ చూసుకుంటున్నాడండీ" అని చెప్పేవారు నాన్న. అడిగినవాళ్ళు అదేదో పెద్ద కంపెనీ పని అనుకుని తలాడించేవారు. నాన్న అబద్ధమేమీ చెప్పలేదు. హాల్లో పాత కుట్టుమిషను బల్ల మీద పెట్టిన మా ఇంటి కంప్యూటర్ని నేను నిజంగానే చూసుకుంటున్నాను. రోజుకోసారి దుమ్ము కూడా తుడిచేవాణ్ణి.

ఆ కంప్యూటర్‌తో అమ్మకి పనిపడింది. అమ్మ తెలుగు ఎమ్మే. పెళ్ళికి ముందునుంచీ మూడేళ్ళు గుణదలలో ఒక బళ్ళో పాఠాలు చెప్పింది. నేను కడుపులో పడ్డాక మానేసింది. ఒక మంచి టీచరు పోయి నేను వచ్చానని మా బంధువుల్లో ఒకరిద్దరికి ఇప్పటికీ చింత. నన్ను చూశాక ఆ చింత తప్పనలేను. ఇన్నేళ్ళకి, బెంగళూరులో, చెన్నైలో ఉండే తెలుగు పిల్లలకి ఆన్‌లైన్‌లో చదవడం, రాయడం నేర్పే ఒక ట్యూషన్ సెంటరు వాళ్ళు అమ్మతో ఫోన్లో మాట్లాడి, దసరా సెలవుల్లో ఒక అరగంట డెమో క్లాసు చెప్పమన్నారు. నచ్చితే తీసుకుంటారు. "ఏదో ఖాళీగా ఉన్నాను కదా అని" అంది అమ్మ అందరితో. ఖాళీగా ఉన్న మనిషి పది రోజులు కూర్చుని జంతువుల బొమ్మలతో నలభై స్లైడులు తయారుచేసింది. గంజి పెట్టిన చీర ఇస్త్రీకిచ్చి, తెచ్చి, నచ్చక మళ్ళీ ఇచ్చింది. నెల రోజులుగా ఇంట్లో కూరలన్నింట్లోనూ ఉప్పు కాస్త అటూ ఇటూ అవుతోంది. ఎవరమూ నోరెత్తలేదు.

నా వంతుగా, అమ్మ కూర్చునే చోటు అమ్మకి నచ్చినట్టు సర్దిపెడతానన్నాను. కంప్యూటర్ తెర మీద అప్పటికి ఏదో మంచుకొండ బొమ్మ ఉండేది, కొన్నప్పటినుంచీ ఉంది.

"ఆ కొండ ఎవరిదిరా?" అంది అమ్మ.

"తెలీదమ్మా. దాంతోపాటే వచ్చింది."

"మనకో కొండ ఉండగా వాళ్ళ కొండెందుకు? అమ్మవారిని పెట్టు."

పెట్టాను. రెండు నిమిషాల పని. దాన్ని సరిచెయ్యడానికి వారం పట్టింది.

మొదటి చిక్కు ఐకాన్లు. రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్ట బొమ్మ సరిగ్గా అమ్మవారి కిరీటం మీద కూర్చుంది. అమ్మ చూసింది, వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి "తీసెయ్" అంది. కిందికి లాగితే త్రిశూలం మీద పడింది. ఇంకాస్త లాగితే ఒళ్ళో పడింది. చివరికి అమ్మవారినే కుడివైపు జరిపి, ఎడమపక్క ఖాళీ చేసి, ఆ మూల ఫైళ్ళన్నీ వరసగా నిలబెట్టాను. సరిగ్గా కొండ మీద క్యూలైన్లలాగే ఉంది. అది నేను కావాలని చేశానని అమ్మ నమ్మింది. కాదని నేను చెప్పలేదు.

రెండో చిక్కు నాయనమ్మ కనిపెట్టింది. కళ్ళజోడు సవరించుకుని తెరని కిందనుంచి మీదికి చూసి, "పాదాలేవిరా?" అంది. కింద బటన్లుండే పట్టీ అమ్మవారి పాదాల మీద అడ్డంగా ఉంది. పాదాలు కనపడని పటానికి దణ్ణం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమంది. ఆ పట్టీని దాచేశాను. మౌస్ బాణాన్ని కిందికి తీసుకెళ్తేనే పైకొస్తుంది. సాయంత్రం నాన్న హనుమాన్ జంక్షన్‌లోని మోటారు సామాన్ల కొట్టునుంచి బస్సు దిగి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, మొన్నటిదాకా ఇక్కడుండే బటన్ ఏమైందన్నారు.

"అమ్మవారి పాదాల దగ్గరికి వెళ్ళండి నాన్నా. అన్నీ అక్కడే దొరుకుతాయి."

పుట్టి బుద్ధెరిగాక నేనన్న మొదటి మంచిమాట ఇదేనంది నాయనమ్మ.

మూడో చిక్కుకి నా దగ్గర మందు లేదు. బాణం పొరపాటున అమ్మవారికి తగిలితే అమ్మ వెంటనే తెరని వేలితో తాకి కళ్ళకద్దుకునేది. మౌస్ వాడటం అప్పుడప్పుడే అలవాటవుతున్న మనిషి. బాణం రోజుకి యాభైసార్లు తగిలేది. వారం తిరిగేసరికి తెర నిండా కుంకుమ వేలిముద్రలు. ఏ పోలీసులు వచ్చి చూసినా ఈ కంప్యూటర్ వాడింది ఎవరని అడగాల్సిన పనుండదు.

ఇక చప్పుళ్ళు. కంప్యూటర్ ఆన్ అయితే గుడిగంట మోగేట్టు పెట్టాను. ఇది నా సొంత తెలివి. గంట వినపడగానే లోపలి గదిలో పడుకున్న నాయనమ్మ హారతి ఇస్తున్నారనుకుని లేచి, చెంపలేసుకుంటూ హాల్లోకి వచ్చేది. ఒకరోజు కంప్యూటర్ తనంతట తాను ఏదో అప్‌డేట్ చేసుకుంటూ మూడుసార్లు ఆగి మూడుసార్లు లేచింది. మూడోసారి నాయనమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి, "ఒక్క పూటలో ఎన్ని పూజలు చేస్తారర్రా, ఆవిడకి మాత్రం ఓపికుండొద్దూ?" అంది. గంట తీసేశాను.

గంట పోయినా గొంతు ఉండాలనిపించింది. మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా నాయనమ్మ దగ్గర ఒకటే సిద్ధాంతం, ఎవరో ఏదో నొక్కారు. మిక్సీ ఆగిందా, గీజరు కాలిందా, టీవీలో చానెల్ పోయిందా, ముందు వినపడేది "మళ్ళీ ఏం నొక్కావు?" అనే మాటే. ఇరవైనాలుగేళ్ళుగా ఇది ఎక్కువగా విన్నది అమ్మ. వినగానే, చేతిలో ఏ పనున్నా, చూపు కూడా తిప్పకుండా "ఏం నొక్కలేదు అత్తయ్యగారూ" అనడం అమ్మకి ఊపిరి తీసినంత అలవాటు. కంప్యూటర్ తప్పు చూపించినప్పుడల్లా టుంగుమని కొట్టే ఆ ఊరూ పేరూ లేని చప్పుడు బదులు, ఈ మాట పెడితే కంప్యూటర్ కూడా మా ఇంటిదైపోతుంది కదా అనుకున్నాను. ఒకరోజు మిక్సీ ఆగినప్పుడు ఫోన్లో రికార్డు చేసి, రాత్రి భోజనాల దగ్గర అందరికీ వినిపించాను. నాన్న పొలమారేంత నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు, తప్పు పట్టలేదు.

"పళ్ళు పెట్టుకోకుండా అన్నాను. తీసెయ్. మళ్ళీ అంటాను" అంది.

మర్నాడు పొద్దున పళ్ళు పెట్టుకుని, చీర కొంగు సర్దుకుని, ఫోన్ ముందు నిటారుగా కూర్చుంది. వినేది ఎవరో ఏమిటో తెలియదు కాబట్టి మర్యాదగా ఉండాలని తనే మాట మార్చింది. బస్టాండులో బస్సు వచ్చిందని చెప్పే గొంతుతో, "మళ్ళీ ఏం నొక్కారండీ? చూసుకుని నొక్కండి" అంది. ఒక్క టేకు. దాన్నే అన్ని హెచ్చరికలకీ పెట్టాను. నాలుగు రోజులు ఇంట్లో కంప్యూటర్ 'అండీ' అని గద్దించడం, అమ్మ "ఏం నొక్కలేదు అత్తయ్యగారూ" అనడం, లోపలినుంచి అసలు అత్తయ్యగారు "నేనేమన్నానిప్పుడు?" అనడం జరిగాయి. తర్వాత అందరికీ అలవాటైపోయింది.

దసరా వచ్చింది. కొండమీద అమ్మవారికి రోజుకో అలంకారం చేస్తారు కదా, తెర మీదా రోజుకొకటి మార్చమంది అమ్మ. మొదటిరోజు బాలాత్రిపురసుందరి, ఒకరోజు అన్నపూర్ణ, అలా. బొమ్మలకి కరువు లేదు. బంధువులందరూ పొద్దున్నే ఫోన్లకి పంపుతారు. ఫోన్ నిండిపోతే అమ్మ వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. 'అమ్మవారు', 'అమ్మవారు కొత్తవి', 'అమ్మవారు ఇంకా కొత్తవి' అని మూడు ఫోల్డర్లు అప్పటికే ఉన్నాయి. ఏళ్ళ తరబడి వచ్చిన దండకాల వీడియోలతో సహా. ఒక్కటీ తీసిందే లేదు.

ఎందుకు తీయలేదంటే, మా ఇంట్లో దేవుడి బొమ్మని పారెయ్యరు. పాత క్యాలెండర్లు, పెళ్ళి శుభలేఖల మీది వినాయకులు, అగరొత్తుల పెట్టె మీది లక్ష్మీదేవి, అన్నీ అటక మీద గోనెసంచిలో ఉంటాయి. సంచి నిండాక నాన్న స్కూటర్ మీద తీసుకెళ్ళి కృష్ణలో కలిపి వస్తారు. కంప్యూటర్లో ఉన్నవాళ్ళకీ అదే పద్ధతి. డెమోకి ముందురోజు చూస్తే అందులో జాగా అడుగంటింది. అమ్మకి చెప్పాను, కొన్ని డిలీట్ చెయ్యకపోతే రేపు మొరాయిస్తుందని.

"డిలీట్ చేస్తే ఎక్కడికి పోతాయి?"

"రీసైకిల్ బిన్‌లోకి."

అమ్మ నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. "రేపు మూలానక్షత్రం. సరస్వతీదేవి రోజు. నేను చదువు చెప్పడానికి కూర్చుంటూ ఆవిణ్ణి చెత్తబుట్టలో వేసి కూర్చోనా? పండగ వెళ్ళాక చూద్దాం."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. డిలీట్ చెయ్యక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోకి మారిస్తే సరిపోతుంది. పెన్‌డ్రైవ్ నా దగ్గరుంది. దాని నిండా సినిమాలున్నాయి. వాటిని తీస్తే అమ్మవార్లకి చోటొస్తుంది. రేపు అరగంటలో ఏమవుతుందిలే అనుకున్నాను. అమ్మ చెత్తబుట్టకి ఒప్పుకోలేదు, నేను సినిమాలకి ఒప్పుకోలేదు. ఇద్దరిలో ఎవరి భక్తి గట్టిదో చెప్పడం కష్టం.

మూలానక్షత్రం రోజు పొద్దున ఊరంతా కొండవైపు పోతోంది. మా ఇంట్లో దేవుడి మందిరంలో సరస్వతీ పూజకి పుస్తకాలు పెట్టారు. అమ్మ ఎమ్మే పుస్తకం ఒకటి, నా ఇంజినీరింగ్ పుస్తకం ఒకటి, నేను అక్షరాలు దిద్దిన పలక. నా పుస్తకానికి పసుపు రాస్తుంటే అట్ట ఫెళఫెళలాడింది. విప్పడం అదే మొదటిసారిలా ఉంది. పూజలో పెట్టినవాటిని విజయదశమి దాకా ముట్టకూడదు. ఈ నియమం నేను చదువుకునే రోజుల్లో చాలా శ్రద్ధగా పాటించాను, ఆ తర్వాత కూడా.

పదిన్నరకి అమ్మ ఫోన్ తీసి చూస్తే బంధువులంతా సరస్వతీదేవిని పంపారు. క్లాసు మధ్యలో ఫోన్ నిండి ఆగిపోతే ట్యూషన్ సెంటర్ మేడమ్ ఫోన్ చేసినా రాదేమోనని భయపడి, నాకు చెప్పకుండా, అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించేసింది.

పదకొండుకి క్లాసు మొదలైంది. తెర మీద అయిదుగురు పిల్లలు, ఒక పక్కన ట్యూషన్ సెంటర్ మేడమ్. నేను కెమెరాకి కనపడకుండా గోడకి అంటుకుని నిలబడ్డాను. నాన్న ఆ రోజు కొట్టు ఆలస్యంగా తీస్తానని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ గొంతు సవరించుకుని, పిల్లల పేర్లడిగి, నవ్వుతూ "ఇప్పుడు మనం ఒక బొమ్మ చూద్దాం" అని స్లైడుల మీద నొక్కింది.

జాగా లేదని తెర మీద పెట్టె ఒకటి వచ్చింది. దాంతోపాటు పెద్ద స్పీకర్లో, "మళ్ళీ ఏం నొక్కారండీ? చూసుకుని నొక్కండి."

"ఏం నొక్కలేదు అత్తయ్యగారూ" అంది అమ్మ.

అవతల అయిదుగురు పిల్లలూ చేతులు కీబోర్డుల మీదనుంచి తీసి గాల్లో పెట్టారు. మేడమ్ "సారీ అండీ, నేను మ్యూట్ చేద్దామని..." అన్నారు. అమ్మ కంగారులో మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే జవాబు. ఈలోపు పిలిచారనుకుని అసలు నాయనమ్మ వచ్చి అమ్మ వెనక నిలబడింది. తెర మీద నాయనమ్మ మొహం కనపడుతోంది, నోరు కదలడం లేదు, మాట మాత్రం మూడోసారి వినపడింది. ఒక పిల్లవాడు వాళ్ళమ్మని పిలిచాడు, వచ్చి చూడమని.

నేను పాక్కుంటూ వెళ్ళి స్పీకర్ తీగ పీకేశాను. చప్పుడు ఆగింది. స్లైడులు మాత్రం తెరుచుకోలేదు. పది రోజుల పని, నలభై జంతువులు, లోపలే ఉండిపోయాయి. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మెడ మీద చెమట కనపడుతోంది. నేను గోడపక్కనుంచి చూస్తున్నాను. అప్పటిదాకా అమ్మకి ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు తెలుసనే అనుకున్నాను. తెలీదు. ఆ మెడ చూశాక తెలిసింది.

నాయనమ్మ దేవుడి మందిరం దగ్గరికి వెళ్ళి, పుస్తకాల మీది పూలు పక్కకి తీసి, పలక తీసింది. కళ్ళకద్దుకుంది. పైటతో పసుపు తుడుస్తూ తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ అదిరిపడింది.

"పూజలోది అత్తయ్యగారూ."

"చదువు చెప్పడానికేగా? ఆవిడేమీ అనదులే. చెప్పు."

పూజలో పెట్టినదాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఏడాదంతా గుర్తుపెట్టుకునే మనిషి ఈ మాటంది. నాన్న ముగ్గులడబ్బాలోంచి సుద్దముక్క తెచ్చి, కెమెరాకి కనపడకుండా కింద కూర్చుని చెయ్యి పైకెత్తి అందించారు. మా ఇంట్లో ఇంత పొందిక నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

అమ్మ పలక మీద పెద్ద అక్షరాలతో 'నాయనమ్మ' అని రాసి, పక్కన నిలబడ్డ నాయనమ్మని చూపించింది. ఇక దేన్నీ నొక్కే పని లేదు కాబట్టి, పిల్లల గొంతులు వినపడేట్టు నేను స్పీకర్ తీగ మళ్ళీ పెట్టాను. అమ్మ ఒక్కో అక్షరం చదివించింది. ఒక పాప వాళ్ళ నాయనమ్మ నెల్లూరులో ఉంటుందని చెప్పింది. అయితే నువ్వు తనకి నీ చేత్తో ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందని అడిగింది అమ్మ. పాప పలక లేదంది, నోట్‌బుక్ ఉందంది. అక్కణ్ణుంచి అరగంట ఎలా గడిచిందో తెలీదు. అరగంటసేపూ నాయనమ్మ నిలబడే ఉంది, ఫోటో స్టూడియోలో నిలబడ్డట్టు. కూర్చోమంటే పిల్లలు చదువుతున్నారంది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేశారు. అమ్మ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. మేము ముగ్గురం టీవీ చూస్తున్నట్టు కూర్చున్నాం. టీవీ ఆన్ చెయ్యలేదని తర్వాత గమనించాం. అమ్మ లోపలికి వచ్చి, పండగ వెళ్ళాక వారానికి మూడు క్లాసులని చెప్పి, పప్పులో పోపు పెట్టాలని వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

మేడమ్ రెండు షరతులు పెట్టారట. ఆ అలారం ఏదో తీసెయ్యండి, మా పిల్లలు భయపడ్డారు, నేనూ భయపడ్డాను అని. వాళ్ళ సెంటర్ వాళ్ళు పంపిన నీలంరంగు బొమ్మే తెర మీద ఉండాలట.

విజయదశమి వెళ్ళాక నా సినిమాలన్నీ డిలీట్ చేశాను. సినిమాలకి చెత్తబుట్ట అభ్యంతరం ఎవరికీ లేదు. అమ్మవార్లందరినీ పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను. కంప్యూటర్లో మిగిలిన కాపీలు తీసేస్తే తప్పుకాదా అని అమ్మ అడిగింది. ఉద్వాసన చెప్పాక పటంలో ఏముంటుందని నాయనమ్మ తీర్పిచ్చింది. అమ్మ ఆ పెన్‌డ్రైవ్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపుగుడ్డలో మూటగట్టింది. అటక మీది గోనెసంచి దింపి, నాన్నా నేనూ స్కూటర్ మీద ఘాట్‌కి తీసుకెళ్ళాం. దారిలో నాన్నకి అనుమానం వచ్చింది, నీళ్ళలో వేస్తే బొమ్మలు నిజంగా పోతాయా అని. కొన్నాళ్ళుంటాయేమో అన్నాను. చేపలు చూసుకుంటాయన్నారు.

ఘాట్ మెట్ల దగ్గర కాపలా మనిషి ఆపాడు. నదిలో ఏదీ వెయ్యకూడదట, పూజ సామాన్లకి వేరే పెట్టామని చూపించాడు. పెద్ద ఆకుపచ్చ డబ్బా. నాన్న కాసేపు దాన్ని చూశారు. నేనూ చూశాను. చెప్పులు విప్పి, గోనెసంచీ పసుపుమూటా అందులో దింపి, ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. నాన్న నీళ్ళు దోసిట్లో తెచ్చి పైన చల్లారు.

"కలిపేశారా?" అంది అమ్మ, గుమ్మంలోనే.

"ఆఁ" అన్నారు నాన్న. నేను చెప్పులు విప్పడంలో మునిగిపోయాను.

ఇప్పుడు తెర మీద నీలంరంగు ఉంది. దాని మీద ఏ బాణం ఎక్కడ తగిలినా ఎవరూ కళ్ళకద్దుకోరు. నాయనమ్మ గొంతు తీసేశాను. ఏ తప్పు జరిగినా పెట్టె ఒకటి చప్పుడు లేకుండా వచ్చి పోతుంది. మొదటి క్లాసు రోజు నేను పక్కనే కూర్చున్నాను. పావుగంట బాగానే నడిచింది. తర్వాత అమ్మ ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కింది, తెర మధ్యలో పెట్టె వచ్చి నిలబడింది. ఎక్కడా చప్పుడు లేదు. అమ్మ దాని వంక చూసి, సుద్ద చేతిలో పట్టుకునే, "ఏం నొక్కలేదు అత్తయ్యగారూ" అంది.

లోపలి గదిలోంచి, పళ్ళు లేని గొంతుతో, "సర్లే అమ్మాయ్, చూసుకుని నొక్కు" అని వినపడింది.